సమస్య: "తోక కోసినపుడె దొరకు మాట"

నిర్వాహకులు: ఆటవెలది చివరి పాదం ఇది. విషయం స్పానిష్ క్రమక్రియల వర్తమాన కాలం. నిఘంటువులో ప్రతి క్రియకూ ఆర్, ఏర్, ఈర్ తోకల్లో ఒకటి ఉంటుంది. అది కోసి, మిగిలిన మొండేనికి కర్తను తెలిపే ప్రత్యయం అతకాలి. 'మాట్లాడు'కు అబ్లార్ అనండి. రాతలో హ ఉన్నా పలకరు. యతికేం భయం లేదు, అ-య-హలు ఎలాగూ మిత్రులే.

పాలపిట్ట:
ఆరు తోక తీసి యారు తోకలు వెట్ట
నబ్లొ యబ్లసబ్ల యబ్లనౌను
మనకు నామొసనిన మాటలాడుదుమగు
తోక కోసినపుడె దొరకు మాట

నిర్వాహకులు: యమకం బాగుంది. అబ్లొ (నేను), అబ్లస్ (నువ్వు), అబ్ల (అతడు, ఆమె), అబ్లన్ (వాళ్లు) సంధుల్లో చక్కగా ఒదిగాయి. కానీ ఆరన్నారు, 'మనకు' చెప్పిన ఆమొస్ (అబ్లామొస్) కలిపినా ఐదే చెప్పారు. 'మీరు' ఏదీ?

గోదారిగట్టు: మెక్సికోలో ఐదే సరి. అక్కడ బొసోత్రొస్ (స్పెయిన్‌లో పలువురిని అనే 'మీరు') వాడరు. ఉస్తెదెస్ అంటారు, దానికీ అబ్లనే. ఒక్కరిని గౌరవంగా ఉస్తెద్ అన్నప్పుడు మన 'మీరు'లా బహువచనం రాదు, అబ్ల చాలు. స్పెయిన్ లెక్కకు మూడో పాదం "మనకు నామొసగును మఱి మీకు నాయిసు" అనవచ్చు.

పాలపిట్ట: గోదారిగట్టు గారూ, సవరణ స్వీకరించాను.

మిరపతోట:
ఏరు నీరు కలిసి యేగు నొక్కటిగను
ఓయెసెయెను లెల్ల నొక్క తీరె
మనకు మాత్ర మెమొసు మరల నిమొసు వేరు
తోక కోసినపుడె దొరకు మాట

గోదారిగట్టు: ఏర్, ఈర్ తోకల్ని ఏరూ నీరూ చేశారు, ఒ, ఎస్, ఎ, ఎన్ ప్రత్యయాల్ని 'ఓయెసెయెను'గా కలిపారు, భలే! 'మరల' మాత్రం వ్యర్థపదం. "మఱొకట నిమొసగు" అంటే అర్థం బిగుస్తుంది. కొమేర్ (తిను) కొమెమొస్ అవుతుంది, బిబీర్ (జీవించు) బిబిమొస్. స్పెయిన్ 'మీరు'లోనూ తేడా ఉంది: కొమేయిస్, బిబీస్. బిబెమొస్ అంటే తప్పని వినేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. కొమిమొస్‌తోనే చిక్కు, అది 'తిన్నాం'. అబ్లామొస్, బిబిమొస్ రెండు కాలాలకూ ఒకటే కాబట్టి సందర్భమే దిక్కు.

తుమ్మెద: పెన్సార్ (ఆలోచించు) వాడవచ్చా?

నిర్వాహకులు: వద్దండి. తోక తెగాక మొండెమే మారి పియెన్సొ అవుతుంది, పెన్సామొస్‌లో మళ్లీ మామూలే. క్రమక్రియ కాదు.

తుమ్మెద: మరి అబ్లొ బదులు అబ్లో అంటే?

గోదారిగట్టు: రెండు గురువులతో సూర్యగణం చెడుతుంది. పైగా ఊనిక చివరికి జరిగితే 'అతడు మాట్లాడాడు' అవుతుంది.