హీలియం ట్యాగింగ్‌కు ఇక కాలం చెల్లినట్టేనా?

గీతలవేట:
2022లో జర్మనీలోని కొలోన్ బృందం, ఏమీ అతికించకుండానే ట్రాప్ నుంచి తప్పించుకున్న అయాన్లను లెక్కపెట్టే లీక్-ఔట్ పద్ధతిని బయటపెట్టాక కూడా అయాన్లకు హీలియం అతికించి (అదే ట్యాగింగ్) వర్ణపటాలు తీయడం దేనికి? 1980లో శాస్త్రవేత్త ఓకా హెచ్3 ప్లస్ (మూడు హైడ్రోజన్ల అయాన్) ఇన్‌ఫ్రారెడ్ గీతలు పట్టింది డిశ్చార్జ్ గొట్టంలో, ఏ ట్యాగూ లేకుండా. ఆ గీతలు చేతిలో ఉండబట్టే 1989లో గురుగ్రహం మీద, 1996లో నక్షత్రాంతర మేఘాల్లో అదే అయాన్‌ను గుర్తుపట్టగలిగారు. ట్యాగ్ తగిలించాక వచ్చే గీత వేరే అణువుది. దాన్ని టెలిస్కోప్ వాళ్లు ఏం చేసుకుంటారు?

చలిట్రాప్:
డిశ్చార్జ్ గొట్టంతో పోలిక కుదరదండీ. 22-పోల్ ట్రాప్‌లో, అంటే 22 కడ్డీల విద్యుత్ క్షేత్రంతో అయాన్లను చల్లగా బంధించే పరికరంలో, ఉండేవి కొన్ని వేల అయాన్లు. వాటి గుండా పోయిన లేజర్ కాంతి ఎంత తగ్గిందో కొలవబోతే ఏమీ కనబడదు. అందుకే ఫోటాన్ తగిలాక అయాన్‌కు ఏమైందో లెక్కపెడతాం. హీలియం బంధం చాలా బలహీనం, ఒక్క ఫోటాన్‌కే తెగుతుంది, ద్రవ్యరాశిని బట్టి అయాన్లను వేరుచేసే క్వాడ్రుపోల్‌లో ద్రవ్యరాశి 4 తగ్గి కనిపిస్తుంది. 2015లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మయర్ బృందం నక్షత్రాంతర మేఘాల్లో సీ60 ప్లస్ (60 కార్బన్ల బంతి అయాన్) ఉందని ఖాయం చేసింది ఇలాగే. 9632, 9577 ఆంగ్‌స్ట్రామ్ పట్టీలు ఒక్కో హీలియంకు 0.7 ఆంగ్‌స్ట్రామ్ చొప్పున జరిగాయి. పట్టీ వెడల్పే సుమారు 2.5. ఇంక ఇబ్బందేముంది?

గీతలవేట:
చలిట్రాప్ గారూ, మీరు ఎంచుకున్నది తేలికైన కేసు. సీ60 ప్లస్‌లో చార్జి గోళమంతా పరుచుకుని ఉంటుంది. హెచ్‌సీఓ ప్లస్ తీసుకోండి. సీ-హెచ్ సాగే కంపనం 3089 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకు తరంగాల సంఖ్య) దగ్గర. హీలియం సరిగ్గా ఆ ప్రోటాన్ ముందే కూర్చుని దాదాపు 12 దించేస్తుంది, ఆర్గాన్ అయితే 270 పైచిలుకు. భ్రమణ గీతలు కూడా హీలియం అంటుకున్న అయాన్‌వే వస్తాయి.

ద్రవ్యవేగం:
ఇద్దరూ ద్రవ్యరాశుల నిష్పత్తిని వదిలేశారు. లీక్-ఔట్‌లో కంపించే అయాన్ ఒక తటస్థ అణువును గుద్దుకుంటుంది, కంపన శక్తి గతిశక్తిగా మారుతుంది, ఆ ఊపుతో అయాన్ ట్రాప్ చివరి ఎలక్ట్రోడ్ వోల్టేజీ అడ్డు దాటి బయటపడుతుంది. ఆ గతిశక్తిలో అయాన్ వాటా, తటస్థ అణువు ద్రవ్యరాశిని మొత్తం ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేంతే. హెచ్‌సీఓ ప్లస్, నైట్రోజన్ జంటకు 28/57, సుమారు సగం. 3089 వేవ్‌నంబర్లంటే 0.38 ఎలక్ట్రాన్ వోల్టు, అందులో సగమైనా అడ్డు దాటడానికి చాలు.

సీ60 ప్లస్‌కు 28/748, అంటే 3.7 శాతం. 1000 వేవ్‌నంబర్ల ఫోటాన్ మొత్తం గతిశక్తిగా మారినా అయాన్‌కు దక్కేది 4.6 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. 40 కెల్విన్‌లో ఉష్ణశక్తే 3.4. అడ్డును ఎక్కడ పెట్టినా ఫోటాన్ తగలని చల్లటి అయాన్లూ వెంట కారిపోతాయి. పైగా 174 కంపనాల్లో శక్తి చెదిరిపోతుంది కూడా.

గ్యాస్ ఎంపికా చికాకే. 4 కెల్విన్‌లో నైట్రోజన్ గోడలకు గడ్డకడుతుంది, ట్రాప్‌ను 40 దాకా వేడెక్కించాలి, దాంతో భ్రమణ స్థాయులు నిండిపోయి ఒక్కో గీత బలం తగ్గుతుంది. నియాన్‌తో ఇంకా చల్లగా నడపొచ్చు. హెచ్3 ప్లస్‌కు మాత్రం నైట్రోజన్ వద్దే వద్దు, ప్రోటాన్ లాక్కుని ఎన్2హెచ్ ప్లస్ అయిపోతుంది.

చలిట్రాప్:
ఆ లెక్క ఒప్పుకుంటాను. అడ్డు వోల్టేజీ మాటేమిటి? ఎలక్ట్రోడ్‌ల మీద పేరుకున్న గ్యాస్ చార్జి పట్టి అది పాకుతూ ఉంటుంది కదా.

ద్రవ్యవేగం:
పాకుతుంది. లేజర్ ఆపినప్పుడు కొద్దిగా మాత్రమే కారేలా అడ్డు పెట్టి, ట్రాప్‌ను అయాన్లతో ఒకసారి నింపి లేజర్‌తో, ఇంకోసారి నింపి లేజర్ లేకుండా, మార్చి మార్చి తీయాలి. గంటల తరబడి ఒకే సెట్టింగ్‌ను నమ్మితే వర్ణపటం బేస్‌లైనే వంగిపోతుంది.

గీతలవేట:
అంటే చిన్న అయాన్లకు లీక్-ఔట్, పెద్దవాటికి హీలియం. నా ప్రశ్న సగమే నిలిచింది.

ద్రవ్యవేగం:
చిన్నవాటిలోనూ హీలియం పని అయిపోలేదండీ. 4 కెల్విన్‌లో అది అంటుకునే వేగం అయాన్ భ్రమణ స్థాయిని బట్టి మారుతుంది. మిల్లీమీటర్ తరంగం తగిలి అయాన్ పై స్థాయికి వెళితే అంటుకోవడం తగ్గుతుంది. అంటుకున్నవాటి లెక్క ఎక్కడ పడిపోయిందో అక్కడే ట్యాగ్ లేని అయాన్ గీత.