సమస్యాపూరణం: మంత్రి పోయెఁ గాన మనకు గెలుపు

సమస్య (ఆటవెలది నాలుగో పాదం):
మంత్రి పోయెఁ గాన మనకు గెలుపు

ఆదివారం విజయవాడలో మా అబ్బాయి ఆడిన చదరంగం ఆటను రాత్రి బోర్డు మీద మళ్లీ ఆడి చూస్తుంటే తట్టింది. తెల్లపావులు వాడివి. (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస; తెలుపు, నలుపు ఎత్తులు వరుసగా ఇచ్చాను. పావు పేరు లేనిది బంటు ఎత్తు. మంత్రి అంటే క్వీన్, శకటం అంటే బిషప్.) ఈ4, ఈ5, గుర్రం ఎఫ్3, డి6, శకటం సి4, శకటం జి4, గుర్రం సి3, గుర్రం సి6. ఐదో ఎత్తులో వాడు మంత్రిని వదిలేసి గుర్రంతో ఈ5 బంటును కొట్టాడు. ఎదుటి పిల్లవాడు మంత్రిని తీసుకున్నాడు. శకటంతో ఎఫ్7లో చెక్, రాజు ఈ7, గుర్రం డి5, ఆటకట్టు! 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు లెగాల్ పేరుతో చెప్పుకునే కట్టు ఇది. పూరణ కూడా చదరంగం మీదే ఉండాలి.

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
గుఱ్ఱ మెగిరి బంటుఁ గొట్టఁగా శకటమ్ము
ఆశపడుచు మంత్రి నందుకొనియె;
రెండు గుఱ్ఱములును రిపురాజుఁ గట్టెను
మంత్రి పోయెఁ గాన మనకు గెలుపు.

సమస్య ఇచ్చినవారు: యతులు బాగున్నాయండీ. ‘ఆశపడుచు’ నాకు చాలా నచ్చింది, ఆట ప్రాణమంతా అక్కడే ఉంది. కానీ ‘శకటమ్ము’ తర్వాత పాదం అచ్చుతో మొదలైంది, సంధి తప్పదు. ఆటపరంగా ఇంకో లోటు: కట్టింది రెండు గుర్రాలే కాదు. ఎఫ్7 శకటం లేకపోతే రాజు ఈ6కో ఈ8కో తప్పించుకుంటాడు.

సత్యనారాయణపురం, విజయవాడ నుంచి:
బంటు నడచి నడచి పైగడిఁ జేరిన
మంత్రి యగును, దాని మార్గమందుఁ
బాఁత మంత్రి దొలఁగి బాట నిచ్చెను గదా!
మంత్రి పోయెఁ గాన మనకు గెలుపు.

సమస్య ఇచ్చినవారు: ఊహ కొత్తగా ఉంది. అయితే పక్కకు తొలగిన మంత్రి పోయినట్టు కాదు కదా. ‘దొలఁగి’ బదులు ‘చచ్చి’ అంటే గణం చెడదు, ‘పోయె’కు బలం వస్తుంది.

బ్రాడీపేట: సవరించానండీ.
గుఱ్ఱ మెగిరి బంటుఁ గొట్టఁగా శత్రువు
మంత్రిఁ గాంచి మురిసి మట్టుపెట్టె;
జంట గుఱ్ఱములకు శకటమ్ము జతఁ గూడె
మంత్రి పోయెఁ గాన మనకు గెలుపు.

అన్నట్టు, బాబుకు ఒక మాట చెప్పండి. నల్లగుర్రం సి6లో ఉండగా ఆ బలి చెల్లదు. అది ఈ5లో మన గుర్రాన్ని కొడితే జి4 శకటానికీ కాపు దొరుకుతుంది, మనకు ఒక బంటుకు బదులు ఒక పావు పోతుంది. నల్లవారి నాలుగో ఎత్తు గుర్రం సి6 బదులు జి6 లాంటిదైతే బలి సరైనది. అప్పుడు బంటుతో గుర్రాన్ని కొట్టినా, మన మంత్రి జి4 శకటాన్ని తీసుకుంటుంది.

సమస్య ఇచ్చినవారు: ‘మురిసి’తో ‘గాన’కు కారణం కుదిరింది. పూరణ ఒప్పుకున్నాను. జి6 సంగతి ఈ రాత్రే వాడితో బోర్డు మీద ఆడిస్తాను.