సియాటిల్‌లో ఫాల్ కలర్స్ (ఆకులు రాలే ముందు వచ్చే రంగులు): అమ్మావాళ్లని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?

బోథెల్_బాబు:
అందరికీ నమస్తే. అమ్మ, నాన్న రాజమండ్రి నుంచి వచ్చారు, నవంబర్ రెండో వారంలో తిరుగు ప్రయాణం. ఫోటోల్లో చూపించే ఎర్రటి ఆకుల చెట్లు ఒక్కసారి దగ్గరగా చూడాలని అమ్మ కోరిక. పోయినేడాది ఇదే పని మీద నేనూ మా ఆవిడా ఐ-90 హైవే పట్టుకుని స్నోక్వాల్మీ పాస్ అనే కొండ కనుమ దాకా వెళ్లాం, దారి పొడుగునా పచ్చటి కొండలే, అక్కడక్కడా నాలుగు పసుపు చెట్లు తప్ప ఏమీ కనబడలేదు, పెట్రోలు ఖర్చు, పైగా వాన. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆగి ఆగి అయితే అరగంట నడవగలదు. ఊళ్లోనే ఎక్కడైనా ఉంటే చెప్పండి.

రెడ్మండ్_అక్క:
తమ్ముడూ, ఇక్కడ అందరూ మొదట చేసే పొరపాటే అది. ఈస్ట్ కోస్ట్‌లో కొండలెక్కితే రంగులు కనబడతాయి. ఇక్కడ కాస్కేడ్స్ కొండలకి పడమటి వైపు అడవంతా డగ్లస్ ఫర్, సీడార్, హెమ్‌లాక్, ఏడాదంతా పచ్చగా ఉండే రకాలు. మన వాషింగ్టన్ రాష్ట్రానికి ఎవర్‌గ్రీన్ స్టేట్ అని పేరే ఉంది కదా! రంగులు కావాలంటే మనుషులు ఏరి నాటిన చెట్ల దగ్గరికి, అంటే ఊళ్లో పార్కులకే వెళ్లాలి.

మీ అమ్మగారికైతే నా ఓటు సియాటిల్‌లోని వాషింగ్టన్ పార్క్ ఆర్బొరేటమ్‌కే, రకరకాల చెట్లు పెంచే తోట అది. 230 ఎకరాలు, టికెట్ లేదు. అంత పెద్దదా అని కంగారు పడకండి, ఉత్తరం వైపు విజిటర్ సెంటర్ దగ్గర కారు ఆపి (రెస్ట్‌రూమ్ కూడా అక్కడే) అజేలియా వే అనే దారి వెంట మెల్లగా నడవండి, నేల చదునుగానే ఉంటుంది. అసలు ఎరుపంతా పక్కనే వుడ్‌లాండ్ గార్డెన్‌లో, జపనీస్ మేపుల్స్ అన్నీ అక్కడ గుంపుగా ఉంటాయి. అది కొంచెం వాలు కాబట్టి అమ్మగారు ఎక్కలేకపోతే కింద నుంచి చూసినా చాలు. దక్షిణం చివర జపనీస్ గార్డెన్ వేరే, దానికి మాత్రం టికెట్ ఉంది, సోమవారం మూసేస్తారు. మూడున్నర ఎకరాల చిన్న తోట, చెరువు చుట్టూ దారి. 1960లో తెరిచారు. నీళ్లలో ఎర్రటి నీడలు చూడాలంటే ఆ డబ్బులు పెట్టొచ్చు, నేనైతే ప్రతి ఏడాదీ పెడతాను.

కాఫీ_కావాలి:
ఆర్బొరేటమ్ సరే, కుబోటా గార్డెన్ ఎవరూ చెప్పరేంటి? సియాటిల్ దక్షిణాన రెయినియర్ బీచ్ దగ్గర. 20 ఎకరాలు, ప్రవేశం ఉచితం, జనం కూడా తక్కువ. ఫుజితారో కుబోటా అనే జపాన్ వలసదారు 1927లో ఐదెకరాల చిత్తడి నేలతో మొదలుపెట్టిన తోట అది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్నవాళ్లని అమెరికా ప్రభుత్వం నిర్బంధ క్యాంపుల్లో పెట్టినప్పుడు ఆ కుటుంబమూ వెళ్లాల్సి వచ్చింది, తోట కొన్నేళ్లు చూసేవాళ్లు లేక పాడుపడింది, తిరిగొచ్చి మళ్లీ నిలబెట్టుకున్నారు. 1987లో సిటీ కొనేసింది. నాన్నగారికి ఈ కథ చెప్పి తీసుకెళ్లండి, చెట్లని చూసే తీరే మారిపోతుంది. ఒక్కటే జాగ్రత్త, దారులు ఎగుడుదిగుడు. ఎర్ర రంగు మూన్ బ్రిడ్జ్ బాగా నిటారు, మంచి మోకాళ్లున్నవాళ్లకే కష్టం, నొప్పులున్నవాళ్లు పక్క నుంచి ఫోటో తీసుకుంటే చాలు.

ట్రెక్కింగ్_రాజు:
బ్రో, రెండు గంటలు ఓపిక పడితే హైవే 2 మీద లెవెన్‌వర్త్ అనే ఊరి వైపు వెళ్లండి. స్టీవెన్స్ పాస్ దాటాక టమ్‌వాటర్ కాన్యన్‌లో నది పక్కన వైన్ మేపుల్స్ ఎర్రగా, కారులో కూర్చునే చూడొచ్చు. మేపుల్ పాస్ మీద లార్చ్ చెట్లు బంగారంలా ఉంటాయి కానీ అది ఏడు మైళ్ల కొండ నడక, పెద్దవాళ్లకి వద్దు.

రెడ్మండ్_అక్క:
అక్టోబర్ వీకెండ్‌లో లెవెన్‌వర్త్ అంటే దండం పెడతాను రాజూ, ఒకసారి పార్కింగ్ కోసమే గంటకు పైగా తిరిగాం. వెళ్తే వారం మధ్యలో వెళ్లండి.

ఇంకో మాట, ఆలస్యం చేయొద్దు. ఇక్కడ రంగులు అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం దాకానే. ఆకులోని పచ్చ రంగు విరిగిపోయాక లోపలున్న పసుపు బయటపడుతుంది, ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారయ్యేది, దానికి పగలు ఎండ, రాత్రి చలి కావాలి. అందుకే నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తే వెంటనే బయల్దేరండి, ఒక్క గాలివాన వచ్చిందంటే చెట్లు బోడి. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదు కాకుండానే చీకటి, అంచేత పొద్దున్నే నయం. తడి ఆకుల మీద కాలు జర్రున జారుతుంది, అమ్మగారికి చెప్పులు వద్దు, షూస్ వేయించండి, చీర మీదైనా సరే.

బోథెల్_బాబు:
అందరికీ థ్యాంక్స్! నిన్న ఆర్బొరేటమ్ వెళ్లొచ్చాం. అరగంట అన్న మనిషి బెంచీల మీద కూర్చుంటూ లేస్తూ గంటన్నర తిరిగింది. ఎర్ర మేపుల్స్ దగ్గర ఫోటోలు సరే, ఆవిడకి బాగా నచ్చింది మాత్రం బిగ్‌లీఫ్ మేపుల్. అడుగు వెడల్పు పసుపు ఆకు చేతిలో పట్టుకుని "నాలుగు కుడితే విస్తరి అవుతుందిరా" అంది. మనకి ఆకు రాలేది మాఘ ఫాల్గుణాల్లో కదా, కార్తీకంలో ఈ రాలుడేంటని నాన్న సందేహం.

ఇప్పుడు కార్తీకమాసం అనేసరికి వనభోజనం చెయ్యాలంటున్నారు. ఉసిరి చెట్టు లేదు కాబట్టి మేపుల్ కింద కానిచ్చేస్తాం. పులిహోర పట్టుకెళ్లి కూర్చుని తినడానికి ఎక్కడ బాగుంటుంది?

కాఫీ_కావాలి:
గ్రీన్ లేక్. చుట్టూ 2.8 మైళ్ల దారి, అంతా చదును, మీరు కొంచెం నడిచి ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. గడ్డి తడిగా ఉంటుంది, చాప కింద ప్లాస్టిక్ షీట్ వేసుకోండి. వీకెండ్ అయితే పదింటికల్లా వెళ్లకపోతే పార్కింగ్ దొరకదు. బాతులు పులిహోర మీదికి వస్తాయి, పెట్టకండి.