అప్‌డేట్: బిక్స్ ఎవరో, ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరో తెలిసిపోతోంది

1920ల జాజ్ రికార్డుల్లో ఎవరు వాయిస్తున్నారో పేరు చూడకుండా పోల్చుకోవడం ఎలా అని నెల కిందట అడిగాను. ఇద్దరినే తీసుకుని పక్కపక్కన వినమన్నారు. అదే చేశాను.

1927 నాటి ‘సింగిన్ ద బ్లూస్’లో బిక్స్ బైడర్‌బెక్ కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, కాస్త పొట్టి వాద్యం), 1928 నాటి ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్. రోజూ రాత్రి హెడ్‌ఫోన్స్‌తో, కళ్లు మూసుకుని. బిక్స్ స్వరం చిన్న గంట కొట్టినట్టు గుండ్రంగా మొదలవుతుంది, వణుకు దాదాపు ఉండదు. ఆర్మ్‌స్ట్రాంగ్ స్వరాన్ని నిటారుగా పట్టి, వదిలే ముందు వణికిస్తాడు. పాట చివర్లో ఒక్క పై స్వరాన్నే దాదాపు నాలుగు బార్లు (నాలుగు తాళావర్తాలు) నిలబెట్టే చోట నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. స్వరం మొదలు కాదు, తోక వినాలని అప్పుడే అర్థమైంది.

సిడ్నీ బెషే అయితే మరీ సులువు. సొప్రానో శాక్సఫోన్ మీద ఆ దట్టమైన వణుకు రెండు క్షణాల్లో పట్టిస్తుంది.

1923 నాటి కింగ్ ఆలివర్ రికార్డుల దగ్గరే ఇంకా ఆగిపోతున్నాను. మైకుల్లేని కాలం, అందరూ శబ్దాన్ని పట్టే ఒకే రికార్డింగ్ కొమ్ము (గరాటా లాంటిది) ముందు నిలబడి వాయించినవి. ఆలివర్, కుర్ర ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్లు కలిసి మోగితే విడదీయలేకపోతున్నాను. దారి చెప్పిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్ అండీ.