రాకెట్ ఇంధనంలో చైనా మనల్ని దాటిపోయిందా?

కొండారెడ్డి బురుజు:
మీథేన్‌తో నడిచే రాకెట్ ప్రపంచంలో మొదటిసారి కక్ష్యకు చేరింది 2023 జూలై 12న. పంపింది ల్యాండ్‌స్పేస్, చైనా ప్రైవేటు కంపెనీ. ఇంకా వాళ్లతో మనకు పోటీ ఏంది సామీ?

తాడిపత్రి డిప్లొమా:
ఒక్క రాకెట్‌ను చూసి తీర్పు ఇచ్చేస్తే ఎట్లా అన్నా? వాళ్ల లాంగ్ మార్చ్ రాకెట్లలో 2, 3, 4 రకాల్లో ప్రధానంగా వాడేది ఇప్పటికీ యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనం, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్. రెండూ తగిలితే చాలు, అగ్గి పెట్టకుండానే మండుతాయి. కానీ పచ్చి విషం. 2024 జూన్‌లో షీచాంగ్ ప్రయోగ కేంద్రం నుంచి పోయిన లాంగ్ మార్చ్-2సీ ముక్క గ్వీజౌ రాష్ట్రంలో ఊరి పక్కనే పడింది. ఆ ఎర్రటి పొగ చూసి జనం పరిగెత్తిన వీడియో మీరూ చూసే ఉంటారు. మన శ్రీహరికోటకు ఎదురుగా సముద్రం, ఆ బాధ లేదు.

ఇడుపులపాయ ఫైనలియర్:
సముద్రం ఉండడం మన పరిశోధన గొప్ప కాదు కదన్నా! మన వికాస్ ఇంజన్ తాగేది కూడా అదే జాతి ఇంధనం. యూహెచ్-25 అంటే యూడీఎంహెచ్‌లో నాలుగో వంతు హైడ్రజిన్ హైడ్రేట్ కలిపింది. పీఎస్ఎల్‌వీ రెండో దశ నడిచేది దానిమీదే.

అసలు తేడా కిరోసిన్ దగ్గర ఉంది. చైనా వైఎఫ్-100 ఇంజన్, సుమారు 120 టన్నుల థ్రస్ట్ (పైకి తోసే బలం), 2015లోనే లాంగ్ మార్చ్-6తో ఎగిరింది. దాంట్లో కొంచెం కిరోసిన్‌ను బోలెడు ఆక్సిజన్‌తో ముందే మండించి, ఆ గ్యాస్‌తో టర్బైన్ తిప్పి, అదే గ్యాస్‌ను మళ్లీ పెద్ద చాంబర్‌లోకి తోస్తారు. చుక్క వృథా కాదు. చిక్కేమంటే, అంత వేడి ఆక్సిజన్ తగిలితే లోహమే అంటుకుంటుంది. దాన్ని తట్టుకునే లోహం, పూత తయారు చేయడమే సగం పని. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే మన 200 టన్నుల సెమీ క్రయోజెనిక్ ఇంజన్‌కు ఆమోదం వచ్చింది 2008లో. తమిళనాడు మహేంద్రగిరిలో దాని పవర్ హెడ్‌ను (పెద్ద చాంబర్ లేకుండా పంపులు, టర్బైన్ ఉండే భాగం) మండించి చూసే హాట్ టెస్ట్ సాఫీగా జరిగింది 2025 మార్చిలో, అదీ రెండున్నర సెకన్లు. కిరోసిన్ ఇద్దరికీ ఉంది, మనం వెనకబడింది ఇంజన్‌లో.

కొండారెడ్డి బురుజు:
నేనన్నదీ అదే కదా!

తాడిపత్రి డిప్లొమా:
కిరోసిన్ వరకు ఒప్పుకుంటా. హైడ్రోజన్ సంగతేంది? 2017 జూలైలో హైడ్రోజన్ ఇంజన్ టర్బోపంపు దెబ్బతిని, లాంగ్ మార్చ్-5 మళ్లీ ఎగరడానికి 2019 డిసెంబరు దాకా ఆగాల్సొచ్చింది. ఆలోపే మన హైడ్రోజన్ ఇంజన్ సీఈ-20 చంద్రయాన్-2ను పంపేసింది.

ఇడుపులపాయ ఫైనలియర్:
నిజమే, కానీ అది పై దశ ఇంజన్. లీటరు ద్రవ హైడ్రోజన్ 70 గ్రాములే తూగుతుంది, కిరోసిన్ 800. నేల మీది నుంచి బరువు లేపాలంటే హైడ్రోజన్ ట్యాంకు ఎంత పెద్దది కావాలో లెక్కేసుకో అన్నా. అందుకే ఆ లాంగ్ మార్చ్-5కు కూడా పక్కన కట్టిన బూస్టర్లు కిరోసిన్‌వే.