పై-పై జిట్, సీ కోడు: ఏ అంకె నమ్మాలి?

అరండల్‌పేట కోడర్:
గుంటూరు మిర్చి యార్డు ధరల సీఎస్‌వీ, 20 లక్షల వరుసలు. తేజ, 334, బాడిగ రకాలవారీగా 30 రోజుల కదిలే సగటు కడుతున్నా. లాజిక్ అన్నిట్లో ఒకటే. మామూలు పైథాన్‌కి 9 సెకన్లు, పై-పైకి (PyPy, పైథాన్ ప్రోగ్రాములనే వేగంగా నడిపే మరో సాఫ్ట్‌వేర్) 1.4 (రెండూ టైమ్ కమాండుతో). సీలో లూపు చుట్టూ టైమర్ పెడితే జీసీసీ కంపైలర్‌లో ఓ0తో (కోడును మెరుగుపరచకుండా) 0.9, ఓ2తో (బాగా మెరుగుపరిచి) 0.000! 700 వరుసల ఫైలుకైతే పై-పై మామూలు పైథాన్ కన్నా వెనకబడుతోంది. దేన్ని నమ్మాలండీ?

బెంజ్ సర్కిల్ బైట్లు:
0.000 అంటే అసలు లూపే లేదని. సగటు కట్టి ఎక్కడా వాడలేదు కదా, దండగ లెక్కని కంపైలర్ పీకేసింది. చివర్లో మొత్తం ప్రింట్ చేయండి, అసలు సమయం బయటపడుతుంది. ఓ0 అంకె పక్కన పడేయండి, అది డీబగ్గింగ్‌కి. పైగా సీలో లూపు ఒక్కటే కొలిచి, పైథాన్‌లో ఫైలు చదవడం కూడా కలిపేశారు. డేటా మెమరీలోకి తెచ్చుకున్నాకే గడియారం మొదలెట్టండి: పైథాన్‌లో పెర్ఫ్ కౌంటర్, సీలో మోనోటోనిక్ క్లాక్.

కృష్ణలంక కంపైలర్:
700 వరుసల సంగతికొస్తే, పై-పైలో లూపు డిఫాల్టుగా 1,039 సార్లు తిరిగితేగానీ జిట్ (JIT, ప్రోగ్రాము నడుస్తుండగానే మెషీన్ కోడు తయారుచేసే భాగం) కదలదు. అందాకా నడిపేది దాని ఇంటర్‌ప్రెటరే (కోడును అంచెలంచెలుగా చదువుతూ నడిపేది), అది మామూలు పైథాన్ కన్నా నిదానం. ఆ తర్వాత ఒక చుట్టును ట్రేస్ చేసి (నడిచిన దారిని నమోదు చేసి) మెషీన్ కోడుగా మారుస్తుంది. మధ్యమధ్య 'ఇది పూర్ణాంకమే' లాంటి గార్డులు, అంటే తనిఖీలు, ఉంటాయి. గార్డు తప్పితే మళ్లీ ఇంటర్‌ప్రెటర్‌కే. ఒకే గార్డు 200 సార్లు తప్పాకే ఆ దారికీ కోడు తయారవుతుంది.

యార్డు సెలవు రోజుల ధర గడిలో ఏం పెట్టారు? నన్ (None, విలువ లేదని చెప్పే పైథాన్ గుర్తు) అయితే మార్చండి. అన్నీ పూర్ణాంకాలే ఉన్న లిస్టును పై-పై ముడి అంకెలుగా ఉంచుతుంది. ఒక్క నన్ దూరిందా, లిస్టు మొత్తం ఆబ్జెక్టులైపోతుంది. -1 పెట్టి, లూపులో దాటేయండి.

అరండల్‌పేట కోడర్:
నన్‌లే ఉన్నాయండీ. పాండాస్ లైబ్రరీతో చదివితే?

కృష్ణలంక కంపైలర్:
పై-పైలో వద్దు. పాండాస్, నంపై లైబ్రరీలు రెండూ సీ ఏపీఐ (మామూలు పైథాన్‌తో సీ కోడు మాట్లాడే దారి) మీద ఆధారపడ్డవి. పై-పై దాన్ని అనుకరించే పొర మీదుగా పిలుస్తుంది కాబట్టి ప్రతి పిలుపుకీ ఖర్చే. మామూలు సీఎస్‌వీ మాడ్యూలు చాలు.

బెంజ్ సర్కిల్ బైట్లు:
ఇంకోటి. మే నెల బెజవాడ ఎండలకి ల్యాప్‌టాప్ కాగిపోయి క్లాక్ స్పీడు తగ్గించుకుంటుంది, ఆ పాపం జిట్ మీద వేయకండి. ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే గవర్నర్ సెట్టింగును పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, టాస్క్‌సెట్ కమాండుతో ఒకే కోర్‌కి కట్టేసి, మూడింటినీ మార్చిమార్చి పదేసిసార్లు నడిపి మధ్యస్థం తీసుకోండి. ప్రాసెస్ కొత్తగా లేచిన ప్రతిసారీ జిట్ మొదటికొస్తుంది. కాబట్టి ఒకే ప్రాసెస్‌లో లెక్క అయిదుసార్లు కట్టించి, మొదటిసారి పట్టిన సమయం విడిగా రాయండి.