సూపర్‌మార్కెట్‌కు అరువు మీద సరుకు పంపాలా? నగదుకే అమ్ముకుంటూ ఉన్నంతలో ఉండాలా?

గోదావరి పిండివంటలు

అందరికీ నమస్కారమండీ. రాజమహేంద్రవరం దగ్గర మా ఊళ్లో జంతికలు, చెక్కలు, సున్నుండలు, కజ్జికాయలు చేసి అమ్ముతాం. నేను, మా తోడికోడలు, మా డ్వాక్రా సంఘంలోని మరో నలుగురు కలిసి పని చేస్తాం. సంఘం అప్పుతో మొదలుపెట్టాం, ఆ అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఇంటి దగ్గర అమ్మకం, పెళ్లి సారె ఆర్డర్లు, పైచదువులకు అమెరికా వెళ్లే పిల్లల పార్శిళ్లు, ఇదీ మా బేరం. అంతా నగదే. సారె ఆర్డరుకు సగం డబ్బు ముందే తీసుకుంటాం.

ఇప్పుడు విశాఖ, విజయవాడల్లో దుకాణాలున్న ఒక సూపర్‌మార్కెట్ సంస్థ నెలకు రెండు లక్షల రూపాయల సరుకు అడుగుతోంది. బిల్లు ఇచ్చిన 60 రోజులకు డబ్బు ఇస్తారట. అమ్ముడుపోని ప్యాకెట్లు వెనక్కి పంపి, వాటి ఖరీదు బిల్లులో కోస్తారట. ఈ అవకాశం వదులుకుంటే ఇక జన్మంతా పెరట్లో పొయ్యి దగ్గరే ఉంటామని మా మరిది అంటున్నాడు. అరువు బేరం ఇంట్లోకి రానివ్వవద్దని మా ఆయన అంటున్నారు. ఇద్దరూ నా మంచికే చెబుతున్నారు. ఇలాంటి బేరం చేసినవారు ఉంటే దయచేసి చెప్పండి.

టోకు లెక్క

అమ్మా, ముందు కాగితం మీద లెక్క వేద్దాం. రెండు లక్షల సరుకుకు పిండి, నూనె, నెయ్యి, బెల్లం, గ్యాసు, కూలి, ప్యాకింగ్, రవాణా కలిపి 1,60,000 ఖర్చనుకుందాం. మిగులు 40,000. వినడానికి బాగానే ఉంది.

మొదటి నెల సరుకు డబ్బు మీ చేతికి వచ్చేసరికి మరో రెండు నెలల సరుకు వండి పంపాలి. అంటే ఎప్పుడు చూసినా తక్కువలో తక్కువ 3,20,000 మీ డబ్బు వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,400. వెనక్కి వచ్చే సరుకు నూటికి ఎనిమిది వంతులే అనుకున్నా 16,000. ఈ రెండూ పోతే మిగిలేది 17,600. అది ఆరుగురు మనుషులు పంచుకోవాలి. ఇందులో మీరు పెట్టే పెట్టుబడికి ప్రతిఫలం లేదు, ఒక నెల వాళ్లు ఆలస్యం చేస్తే తట్టుకునే తాహతూ లేదు.

అమ్మకం పెరిగిందని సంబరపడి చేతిలో డబ్బు ఆడక మూతపడ్డ దుకాణాలను నేను చాలా చూశాను. లాభం పుస్తకంలో కనబడుతుంది కానీ శనివారం కూలీ మాత్రం నగదుగానే ఇవ్వాలి. నా మాట, వద్దు.

ఆటోనగర్ లేతు

టోకు లెక్క గారి కూడికలు సరైనవే. కానీ ఆ లెక్క చూసి బేరమే వదులుకోమనడం నాకు మింగుడు పడటం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాది లారీల ఇనుప సామాన్లు చెక్కే లేతు మెషిన్ల చిన్న షెడ్డు. మా దగ్గర అరువు లేకుండా ఒక్క పని రాదు. లారీ యజమాని సరుకు దించి, కిరాయి డబ్బు చేతికొచ్చాక మాకు ఇస్తాడు. నగదుకే చేస్తామని బోర్డు పెడితే పక్క షెడ్డుకు వెళతాడు.

మరి ఎలా నిలబడుతున్నాం? ఇనుము డబ్బు ముందు తీసుకుంటాం, మజూరీ తర్వాత తీసుకుంటాం. ఎవరైనా ఎగ్గొడితే మా చెమట పోతుంది తప్ప ఇనుము కొట్టులో మాట పోదు. మీరూ అదే అడగండి. ప్రతి ఆర్డరుకు సరుకుల ఖర్చు, అంటే బిల్లులో సగం, ముందు ఇమ్మనండి. మిగతా సగం అరువు. పెద్ద సంస్థ ఒప్పుకోదని మనమే ముందుగా అనుకోవడం ఎందుకు? మీ దగ్గరకు వాళ్లే వచ్చారు కదా. ఇంటి వంట రుచి ఉన్న జంతిక వాళ్ల షెల్ఫులో లేదు కనుకనే వచ్చారు.

పన్నుల పద్దు

ఆ 60 రోజుల షరతు అసలు చట్టం ముందు నిలవదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెల నెలా అసలుకు కలుపుతూ. పైగా 2024–25 మదింపు సంవత్సరం నుంచి, గడువు దాటిన బాకీని చెల్లించేదాకా కొనుగోలుదారు ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకునే వీలు లేదు. పెద్ద సంస్థల అకౌంట్స్ విభాగానికి ఈ రెండోదంటేనే ఎక్కువ భయం.

ఇది మీకు వర్తించాలంటే సరుకు పంపడానికి ముందే ఉద్యమ్ (చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర) నమోదు చేసుకోండి. రుసుము లేదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి.

జీఎస్టీ సంగతి కూడా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల అమ్మకం వరకు నమోదు అక్కర్లేదు (తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే). కానీ హైదరాబాద్‌కు ఒక్క డబ్బా అమ్మినా అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, అప్పుడు పరిమితితో సంబంధం లేకుండా నమోదు తప్పనిసరి. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో అమ్మకం మీద ఒక శాతంతో సరిపోతుంది గానీ రాష్ట్రం దాటి అమ్మకూడదు, మీ బిల్లు మీద కొన్నవారికి పన్ను జమ (తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. అందుకే సూపర్‌మార్కెట్ మామూలు జీఎస్టీ బిల్లే అడుగుతుంది. ప్యాకెట్ చేసిన కారపు చిరుతిళ్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కాబట్టి ఇప్పుడు ఆ బరువు మునుపటంత లేదు.

టోకు లెక్క

చట్టం ఉంది, కాదనను. చిన్న సంస్థల బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, తీర్పు మీద పైకి వెళ్లాలంటే కొనుగోలుదారు తీర్పు మొత్తంలో 75 శాతం ముందు జమ చేయాలి, అదీ ఉంది. కానీ ఫిర్యాదు చేసిన మర్నాడు ఆ సంస్థ ఈ అమ్మకు మళ్లీ ఆర్డరు ఇస్తుందా? నెలకు రెండు లక్షల కోసం మూకుళ్లు కొని, ఇద్దరిని కొత్తగా పనిలో పెట్టుకున్నాక ఆర్డరు ఆగితే ఆ మనుషులకు ఏం చెబుతుంది? చట్టం పాత బాకీ రాబట్టగలదేమో, రేపటి బేరం తేలేదు.

కరీంనగర్ కిరాణా

నాది చిన్న కిరాణా కొట్టు. కొనేవాడి వైపు నుంచి చెబుతాను. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు సకినాలు, మురుకులు తెచ్చి ఇస్తారు. పది పదిహేను ప్యాకెట్లు తెస్తారు. కిందటిసారి ఇచ్చినవి అమ్ముడయ్యాయో లేదో చూసి, వాటి డబ్బు తీసుకుని, కొత్తవి పెట్టి వెళతారు. వాళ్ల డబ్బు నా దగ్గర వారం కంటే ఎక్కువ ఉండదు. ఒక్క సంస్థకు రెండు లక్షల సరుకు ఇచ్చే బదులు ఇలాంటి కొట్లు 40 పట్టుకోండి. ఒకడు ఎగ్గొట్టినా 5,000 లోపే పోతుంది.

ఇంకొక మాట. నా కొట్టులోనూ ‘నేడు నగదు, రేపు అరువు’ అని రాసి ఉంది, దాని కిందే ఖాతా పుస్తకమూ ఉంది. పంట డబ్బులు వచ్చేదాకా ఆగమనే ఇళ్లు ఉన్నాయి, ఒకటో తారీఖు జీతం ఇళ్లు ఉన్నాయి. అందరికీ ఇస్తాను. కానీ ఒక్కో ఇంటికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు దాటితే పాత బాకీలో సగమైనా కడితేనే కొత్త సరుకు. అరువు వ్యాపారాన్ని చంపదు, హద్దు లేని అరువు చంపుతుంది. మీ ఆయన గారు భయపడేది కూడా దానికే అయి ఉంటుంది.

ఆటోనగర్ లేతు

అన్నా, 40 కొట్లు అన్నారు. వారానికొకసారి 40 కొట్లు తిరిగేది ఎవరు? ఒక మనిషి, ఒక బండి, పెట్రోలు కావాలి. దుకాణదారు లేని సమయంలో వెళితే మళ్లీ రావాలి. ఆ జీతం, ఆ ఖర్చు రాసుకుంటే సూపర్‌మార్కెట్ కోసే 16,000కు ఇంచుమించు సమానమే అవుతుంది. వసూలు కూడా ఒక పనే, దానికీ కూలి ఉంటుంది.

చీటీల పుస్తకం

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది ఎవరూ తేల్చలేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ డబ్బుతో అరువు బేరం చేయడం ఎవరి వల్లా కాదు. చీటీ పాడి తెద్దామనే ఆలోచన కూడా మానండి. నెలకు 25,000 చొప్పున 20 నెలల ఐదు లక్షల చీటీలో మొదట్లోనే లక్ష తగ్గించి పాడితే చేతికి నాలుగు లక్షలు వస్తాయి. సూపర్‌మార్కెట్ డబ్బు వచ్చినా రాకపోయినా వాయిదా మాత్రం నెల నెలా కట్టాలి. చీటీ అనేది ఫ్రిజ్‌కో పెళ్లికో సరిపోతుంది, మూడు నెలలు ఇరుక్కుపోయే పెట్టుబడికి సరిపోదు.

చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్ర అప్పుల్లో 50,000 నుంచి ఐదు లక్షల వరకు ‘కిశోర్’ కింద ఇస్తారు. తాకట్టు అడగకూడదు. వాయిదాల అప్పుగా కాకుండా, వాడుకున్నంతకే వడ్డీ పడే క్యాష్ క్రెడిట్ ఖాతాగా అడగండి. రాబడి ఆలస్యమయ్యే బేరానికి అదే సరైనది. మీది సంఘం కాబట్టి ఆహార శుద్ధి చిన్న సంస్థల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకం ఇంకా నడుస్తోందేమో సంఘాల మండల సమాఖ్యలో అడగండి. సంఘ సభ్యురాలికి 40,000 వరకు పని పెట్టుబడి, చిన్న పనిముట్ల కోసం అందులో ఏర్పాటు ఉంది. పెద్ద మెషిన్ల మీద వచ్చే 35 శాతం రాయితీని చూసి ఇప్పుడే మెషిన్లు కొనకండి. మీకు కొరత మెషిన్లు కాదు, చేతిలో ఆడే డబ్బు.

గోదావరి పిండివంటలు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చాలా కృతజ్ఞతలు. రాత్రి మా ఆయన, మరిది, తోడికోడలు అందరం కూర్చుని ఇవన్నీ చదువుకున్నాం.

వెనక్కి వచ్చే సరుకు గురించి మీరెవరూ రాయనిది ఒకటి ఉంది. పోయిన ఏడాది ఒక పట్నం దుకాణం నుంచి మా చెక్కలు వెనక్కి వచ్చాయి. ప్యాకెట్ల మీద బరువైన పెట్టెలు పెట్టినట్టున్నారు, సగానికి సగం నుసి. ఎండ పడే అద్దం పక్కన పెట్టినవి నూనె ముక్కిన వాసన. అందులో మా చేతి లోపం లేదు, అయినా నష్టం మాదే. వండిన మనిషికి ఆ ప్యాకెట్ విప్పి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నాకు 60 రోజుల కంటే ఈ షరతే ఎక్కువ బాధ. డబ్బు ఆలస్యమైనా వస్తుంది, పాడైన తిండి తిరిగి రాదు.

మేము ఇలా అడగాలనుకుంటున్నాం. సున్నుండలు, కజ్జికాయలు ఇవ్వం, అవి త్వరగా పాడవుతాయి. జంతికలు, చెక్కలు మాత్రమే, ఒక్క విజయవాడ దుకాణాలకే, నెలకు 60,000కు మించకుండా. డబ్బు 30 రోజులకు. విరిగినవి, ఎండకు పాడైనవి వెనక్కి తీసుకోం. గడువు తీరినవి మాత్రం నూటికి మూడు వంతుల వరకు మేమే భరిస్తాం. ఒక బిల్లు బాకీ ఉంటే తర్వాతి ఆర్డరు పంపం. పెళ్లి సారెలు, పార్శిళ్లు ఎప్పటిలాగే. అమెరికా పార్శిళ్ల మీదే ఆధారపడటం కూడా మంచిది కాదని 2025 ఆగస్టులో అక్కడ చిన్న పార్శిళ్ల సుంకం మినహాయింపు ఎత్తేసినప్పుడు మాకు తెలిసొచ్చింది. అందుకే మరిది మాటనూ పూర్తిగా తోసేయలేకపోతున్నాను.

ఆటోనగర్ లేతు

షరతులు చాలా బాగున్నాయమ్మా. 60,000 మాత్రం తక్కువ. రెండు ట్రేలు కూడా నిండని సరుకు కోసం వాళ్లు వేరే బిల్లు, వేరే కోడ్ పెట్టరు. లక్ష అడగండి, 80,000 దగ్గర ఆగండి.

టోకు లెక్క

60,000 దాటవద్దనే నేనంటాను. 60,000 సరుకుకు మీ ఖర్చు 48,000. 30 రోజుల గడువైతే ఎక్కువలో ఎక్కువ రెండు నెలల సరుకు, అంటే 96,000 బయట ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్ అడ్వాన్సుల నుంచే అది సర్దుకోగలరు, బ్యాంకు మెట్లు ఎక్కనక్కర్లేదు. వాళ్లు వరుసగా మూడు బిల్లులు గడువులో చెల్లిస్తే అప్పుడు లక్ష గురించి మాట్లాడదాం.

పన్నుల పద్దు

ఎంతకు ఒప్పుకున్నా ఒకటి మరవకండి. సరుకు దించిన రోజే, దుకాణంలో తీసుకున్న మనిషి చేత బిల్లు నకలు మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. 45 రోజులు లెక్కకు వచ్చేది ఆ తేదీ నుంచే. డ్రైవరు చేత పంపి వదిలేస్తే, సరుకు వారం తర్వాత అందిందని వాళ్లంటే మీ దగ్గర జవాబు ఉండదు. ప్యాకెట్లు విరగకుండా అందాయని కూడా ఆ సంతకం పైనే ఒక వాక్యం రాయించుకోండి, చెక్కల గొడవ మళ్లీ రాదు.